తొమ్మిది మందితో హైస్కూల్ కుస్తీ జట్టు నిలబడుతుందా?

ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి చదివే హైస్కూల్లో దాదాపు 600 మంది పిల్లలున్నారు. కుస్తీ జట్టు పెట్టి మూడేళ్ళయింది. ఈసారి 9 మందే మిగిలారు, అందులో ముగ్గురు సీనియర్లు, అంటే ఆఖరి ఏడాది వాళ్ళు. కోచ్ ఒక్కరే. ఇప్పటిదాకా ఆడిన ప్రతి డ్యూయల్ మీట్‌లోనూ (రెండు స్కూళ్ళ జట్లు బరువుల వారీగా తలపడే పోటీ) ఓడిపోయారు. అథ్లెటిక్ డైరెక్టర్ "ఇంకో ఏడాది చూద్దాం" అంటున్నారు. మావాడు తొమ్మిదో తరగతి, 106 పౌండ్ల బరువులో ఆడతాడు. ఆటంటే ప్రాణం పెడతాడు. జట్టు మూతపడకుండా తల్లిదండ్రులుగా మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. ముందు ఆ ఓటముల లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే మీ డైరెక్టర్‌కి కనబడుతున్నది అదొక్కటే.

మీ రాష్ట్రంలో 106 ఉందంటే 14 బరువుల పట్టిక వాడుతున్నారన్నమాట. అన్ని బరువుల్లోనూ మనుషులున్న జట్టుతో మీవాళ్ళు తలపడ్డారనుకోండి. తొమ్మిది మందిలో ఇద్దరు ఒకే బరువులో పడటం మామూలే, కాబట్టి నిండేవి 8 స్థానాలు. ఖాళీగా ఉన్న ఆరింటికి ఒక్కోదానికి 6 పాయింట్ల చొప్పున, ఎవరి కాలూ మ్యాట్ మీద పడకముందే 36 పాయింట్లు అవతలి ఖాతాలో చేరిపోతాయి. మిగతా 8 కుస్తీల్లో మీవాళ్ళు ఆరు గెలిచి, ఆ ఆరూ పిన్‌తోనే (అవతలివాడి భుజాలు మ్యాట్‌కి ఆనించి, 6 పాయింట్ల చొప్పున) గెలిచి, రెండే రెండు కొద్ది తేడాతో 3 పాయింట్ల చొప్పున పోగొట్టుకున్నా స్కోరు 42–36. ఓటమే. మంచి కుస్తీ ఆడిన పిల్లలు కూడా ఇంటికి ఓడినవాళ్ళుగానే వెళ్తారు. చిన్న జట్టును డ్యూయల్ స్కోరుతో కొలవడం మొదటి తప్పు. ఆ మాట డైరెక్టర్‌కి ఈ లెక్కతోనే చెప్పండి, ఉత్త మాటలు పనిచేయవు.

అందుకే షెడ్యూల్ వేసేటప్పుడే మనసు పెట్టాలి. లీగ్ తప్పనిసరి చేసిన డ్యూయల్స్ ఎలాగూ తప్పవు. మిగతా తేదీల్లో వ్యక్తిగత టోర్నమెంట్లు పెట్టుకోండి. అక్కడ ఖాళీ బరువుకు శిక్ష ఉండదు, మీ తొమ్మిది మందికీ ఒక్క రోజులో మూడు నాలుగు కుస్తీలు దొరుకుతాయి. డ్యూయల్ ఆడాలనుకుంటే మీలాగే ఎనిమిది పది మందితో నెట్టుకొస్తున్న స్కూళ్ళను మూడు నాలుగింటిని కలిపి ఒకే చోట ఆడించండి. ఇద్దరికీ ఖాళీ ఉన్న బరువులో ఎవరికీ పాయింట్లు రావు, కాబట్టి స్కోరు నిజమైన కుస్తీల మీద తేలుతుంది. పిలిచే ముందు "మీరెంతమంది, ఏ బరువులు?" అని అవతలి కోచ్‌ని అడగడానికి మొహమాటపడొద్దు. అందరూ అడుగుతారు.

లైనప్‌లో చేయగల సర్దుబాటు ఒకటుంది. తూకంలో తేలిన బరువు విభాగం నుంచి ఒక్క మెట్టు పైకి వెళ్ళి ఆడటానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. 144లో ఇద్దరుంటే ఒకరు 150లో ఆడొచ్చు. రెండు మెట్లు ఎక్కడం కుదరదు. డ్యూయల్ ఏ బరువుతో మొదలవుతుందో చీటీ తీస్తారు, ఏ బరువులో ఎవరు ముందు తమ మనిషిని పంపాలో సరి–బేసి టాస్ నిర్ణయిస్తుంది. అవతలివాళ్ళు ముందు పంపాల్సిన బరువుల్లోనే ఈ ఒక్క మెట్టు ఎత్తు పారుతుంది. ఏ బరువులో ఎవరు ముందు పంపాలో రాసిన కాగితం పట్టుకుని బెంచీ మీద ఎవరో ఒకరు కూర్చుంటే కోచ్ కుస్తీ మీద దృష్టి పెట్టగలడు.

2023–24 నుంచి 12, 13 లేదా 14 బరువుల పట్టికల్లో ఒకటి ఎంచుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. చిన్న స్కూళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలకు 12 బరువుల పట్టిక నిజంగా ఊరట. మీ రాష్ట్రంలో దీని మీద కోచ్‌ల అభిప్రాయం అడిగితే, మీ కోచ్ ఏమని చెప్పారో తెలుసుకోండి.

ఇక అసలు జబ్బు. చిన్న జట్టు చచ్చేది పోటీల్లో కాదు, ప్రాక్టీసు గదిలో. కుస్తీ నేర్చుకోవాలంటే తన బరువుకు కాస్త అటూ ఇటూగా ఉన్న జోడీ కావాలి. తేడా 10–15 శాతం దాటితే చిన్నవాడు పట్టు నేర్చుకోడు, నలగకుండా తప్పించుకోవడం నేర్చుకుంటాడు. పెద్దవాడు బలంతో లాక్కొచ్చే అలవాటు పడి, తన సాటివాడు ఎదురైనప్పుడు బోల్తా పడతాడు. మీ అబ్బాయికి సరిపడే జోడీ అంటే 120 పౌండ్ల లోపువాడు. మీ గదిలో అలాంటివాడు ఇంకొకడు లేకపోతే, ఈ ఏడాది మీ కోచ్ చేయాల్సిన మొదటి పని ఆ రెండోవాణ్ణి వెతకడం. ఛాంపియన్లు తర్వాత సంగతి. పిల్లల్ని చేర్చుకునేటప్పుడు ఖాళీ బరువుల పట్టిక ఒక్కటీ చూస్తే చాలదు. జోడీ లేనివాళ్ళెవరో కూడా చూడాలి.

జోడీలు దొరికేదాకా మూడు ఉపాయాలు. మొదటిది ముగ్గురి గుంపు: 40 సెకన్ల చొప్పున ఇద్దరు ఆడతారు, మూడోవాడు చూస్తూ చెబుతాడు, తర్వాత మారతారు. నిమిషం దాటిస్తే మూడోవాడి ఒళ్ళు చల్లబడిపోతుంది, ధ్యాస ఫోను మీదకి పోతుంది. రెండోది వారానికి ఒక రోజు పక్క స్కూలుతో కలిసి ప్రాక్టీసు. దీనికి రాష్ట్ర సంఘం నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ముందే డైరెక్టర్ చేత అడిగించండి. అడక్కుండా చేసి పోటీల తేదీల్లో కోత పడితే ఆ నష్టం కోలుకోలేనిది. మూడోది తేలికపాటి ఒళ్ళున్న అసిస్టెంటు కోచ్. కాలేజీలో కుస్తీ ఆడి ఆపేసిన 130 పౌండ్ల కుర్రాడు వారానికి రెండు సాయంత్రాలు వచ్చినా మీవాడి ఆట మారిపోతుంది.

పిల్లలు ఎక్కడ దొరుకుతారంటే, ఫుట్‌బాల్ సీజన్ ముగిసే నవంబరులో లైన్‌మెన్, అంటే ముందు వరసలో ఆడే భారీ పిల్లలు, ఖాళీ అవుతారు. 190, 215, 285 అక్కడే నిండుతాయి. క్రాస్‌కంట్రీ పరిగెత్తేవాళ్ళు తేలిక బరువులకు సరిపోతారు, ఊపిరి కూడా ముందే ఉంటుంది. బాస్కెట్‌బాల్ ఎంపిక జాబితా అంటించిన రోజే అందులో పేరు లేనివాళ్ళను కోచ్ స్వయంగా పలకరించాలి. వారం ఆగితే వాళ్ళు ఇంట్లో వీడియోగేముల దగ్గర స్థిరపడిపోతారు. నాలుగో గుంపు మన ఇళ్ళలోనే ఉంది. 106 పౌండ్ల తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి వర్సిటీ (స్కూలు మొదటి) జట్టులోకి రమ్మని పిలిచే ఆటలు అమెరికన్ స్కూళ్ళలో బహు తక్కువ. సన్నగా ఉండే తెలుగు పిల్లలకు మొదటి ఏడాదే చోటు దొరికే ఆట ఇది. ఆ మాట వాళ్ళ తల్లిదండ్రులకు తెలియదు, అంతే.

వాళ్ళకు చెప్పాల్సింది మీరే, ఎందుకంటే ఆ భయాలు కోచ్‌కి తెలియవు. "ఆ బిగుతు బట్టలు వేసుకోడండీ మావాడు" అంటారు. సింగ్లెట్ తప్పనిసరి కాదు, 2017–18 నుంచి ఒంటికి అతుక్కునే చొక్కా, షార్ట్స్ కలిసిన రెండు ముక్కల దుస్తులకు అనుమతి ఉంది. "చెవులు పాడవుతాయి" అంటారు. పోటీలో హెడ్‌గేర్ తప్పనిసరి. పాడయ్యేది ఎక్కువగా ప్రాక్టీసులో అది తీసేసినప్పుడే. చెవి ఉబ్బితే ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరు చేత లోపల చేరిన రక్తం తీయించాలి. ఆగితే గట్టిపడిపోతుంది, ఇక మారదు. "మాంసం తినడు, బలం ఎక్కడిది" అంటారు. పప్పు, పెరుగు, పాలు, పనీర్, వేరుశనగ లెక్కగా తింటే సరిపోతుంది. ఇబ్బంది అంతా సాయంత్రం ప్రాక్టీసుకు ముందు ఏమీ తినకుండా, రాత్రి 9 గంటలకు పళ్ళెం నిండా అన్నం తినే అలవాటుతోనే.

చేరినవాళ్ళలో సగం మంది జారిపోయేది మొదటి రెండు మూడు వారాల్లో. కారణం ప్రతి చోటా ఒకటే. మొదటి రోజే వాంతులయ్యేలా పరిగెత్తించి, నలభై పట్లు చూపించి, మూడేళ్ళ అనుభవమున్న సీనియర్ కింద పడేస్తారు. గట్టివాళ్ళు మిగులుతారని కొందరు కోచ్‌ల నమ్మకం. ఎనభై మంది వచ్చే స్కూల్లో అది చెల్లుతుంది. తొమ్మిది మంది ఉన్నచోట ఆ నమ్మకం జట్టునే మింగేస్తుంది. కొత్తవాడికి డిసెంబరు చివరిదాకా నేర్పాల్సినవి ఐదు: నిలబడే తీరు, అడుగులు, రెండు కాళ్ళూ పట్టి పడగొట్టే డబుల్ లెగ్ టేక్‌డౌన్ ఒకటి, కింద ఉన్నప్పుడు లేచి బయటపడే స్టాండప్ ఒకటి, పైన ఉన్నప్పుడు అవతలివాణ్ణి వెల్లకిలా తిప్పే హాఫ్ నెల్సన్ ఒకటి. వీటిలో స్టాండప్‌కి ఎక్కువ సమయం ఇవ్వండి. స్కూళ్ళలో ఆడే అమెరికన్ పద్ధతి ఒలింపిక్ కుస్తీ లాంటిది కాదు. రెండు, మూడు పీరియడ్లు చాలాసార్లు మోకాళ్ళ మీద, ఒకడు పైన ఒకడు కింద ఉండగా మొదలవుతాయి. కింద నుంచి లేవడం రానివాడు రెండు భుజాలూ మ్యాట్‌కి 2 సెకన్లు ఆనగానే పిన్ అయిపోతాడు. కొత్త పిల్లల ఓటములు గమనిస్తే ఎక్కువ భాగం ఇక్కడే.

ఇంకో పెద్ద తప్పు ఖాళీ పూడ్చాలన్న తొందర. 138లో మనిషి లేడని, మూడు వారాల క్రితం చేరిన కుర్రాణ్ణి వర్సిటీ డ్యూయల్‌లో నిలబెడతారు. అవతల రాష్ట్ర స్థాయిలో ఆడినవాడు. ఇరవై సెకన్లలో పిన్. జట్టుకు మిగిలింది సున్నా, ఎందుకంటే ఖాళీ వదిలినా 6 పాయింట్లే, పిన్ అయినా 6 పాయింట్లే. పోయింది మాత్రం అమ్మానాన్నల ఎదుట వెల్లకిలా పడ్డ ఆ కుర్రాడు, సోమవారం నుంచి రాడు. కొత్తవాడికి జేవీలోనో (స్కూలు రెండో జట్టు), మొదటి ఏడాది వాళ్ళకే పెట్టే నోవిస్ టోర్నమెంట్లలోనో కనీసం ఐదారు కుస్తీలు అయ్యేదాకా వర్సిటీకి పంపకూడదని ముందే గీత గీసుకోవాలి. ఖాళీని ఖాళీగా వదలడానికి సిగ్గుపడొద్దు.

బరువు సంగతి కొంచెం కటువుగానే చెబుతాను. చిన్న జట్టులో "నువ్వు ఆరు పౌండ్లు తగ్గితే ఆ ఖాళీ నిండుతుంది" అనే మాట చాలా తేలిగ్గా నోటికి వస్తుంది. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్ళు బరువు దించుకునే ప్రయత్నంలో చనిపోయారు. ఆ తర్వాతే నియమాలు బిగిశాయి. ఇప్పుడు సీజన్ మొదట్లో ప్రతి పిల్లవాడికీ పరీక్ష ఉంటుంది. మూత్రం సాంద్రత 1.025 దాటకూడదు, అంటే ఒంట్లో నీరు సరిగ్గా ఉండాలి. అది దాటితే ఆ రోజు కొలత చెల్లదు. ఒంట్లో కొవ్వు అబ్బాయిలకు 7 శాతం, అమ్మాయిలకు 12 శాతం కంటే తగ్గే బరువుకు అనుమతి ఇవ్వరు. వారానికి 1.5 శాతం కంటే ఎక్కువ తగ్గకూడదు. 150 పౌండ్ల కుర్రాడికి అది వారానికి రెండుంపావు పౌండ్లు. ఆ లెక్కన 144కి రావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది, రాత్రికి రాత్రి కాదు. ప్లాస్టిక్ సూట్లు, ఆవిరి గదులు నిషేధం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల ఫైనల్ ఉదయం వినేశ్ ఫొగాట్ 100 గ్రాములు ఎక్కువ తూగి పోటీకే దూరమయ్యారు. చుట్టూ నిపుణులున్న మనిషికే అలా జరిగితే, ఎవరూ చూడని ఇంట్లో పదిహేనేళ్ళవాడి చేత ఏకాదశి ఉపవాసాలు చేయించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మీవాడు ఎదిగే వయసులో ఉన్నాడు. వచ్చే ఏడాది 113కో 120కో పోతే పోనివ్వండి.

మ్యాట్, శుభ్రత. హైస్కూల్ పూర్తి మ్యాట్ సాధారణంగా 42 అడుగులు పొడవు, అంతే వెడల్పు. మధ్యలో కనీసం 28 అడుగుల వృత్తం, దాని చుట్టూ కనీసం 5 అడుగుల రక్షణ అంచు. ఎక్కువగా మూడు చుట్టలుగా వస్తుంది, పరిచి అతుకుల మీద టేపు వేస్తారు. తొమ్మిది మందికి ఒకటి చాలు, పాతిక మంది దాకా సర్దుకుంటుంది. కొత్తది పది వేల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. పెద్ద స్కూళ్ళు కొత్తవి కొన్నప్పుడు పాతవి చవకగా వదిలించుకుంటాయి, అవి చూడండి. కొనేటప్పుడు అంచుల్లో పొర లేచిందా, కాలి మడమతో నొక్కితే కింద నేల తగులుతోందా చూడాలి. పొర చిరిగితే అతుకు వేయొచ్చు, లోపలి నురగ చచ్చిపోతే ఏం చేసినా పనికిరాదు. శాశ్వతమైన గది ఉందా లేదా అన్నది డబ్బు కంటే పెద్ద విషయం. భోజనశాలలో రోజూ పరిచి చుట్టాలంటే రెండు వైపులా కలిపి అరగంట పోతుంది. వారానికి రెండున్నర గంటల ప్రాక్టీసు గాల్లో కలిసినట్టే. వాడని తరగతి గది, పాత వర్క్‌షాపు గది, స్టేజీ వెనక చోటు, ఏదైనా సరే అడగండి.

మ్యాట్‌ని ప్రతి ప్రాక్టీసుకు ముందు క్రిములను చంపే మందు నీళ్ళతో తుడవాలి. సీసా మీద ఎన్ని నిమిషాలు తడిగా ఉండాలని రాసి ఉంటే అన్ని నిమిషాలు ఆరకుండా చూడాలి, వెంటనే ఆరబెడితే ఉత్త వాసన మిగులుతుంది. బయట తిరిగిన బూట్లతో ఎవరూ, తల్లిదండ్రులు కూడా, దాని మీద అడుగు పెట్టొద్దు. పిల్లలు ప్రాక్టీసు అయిన వెంటనే స్నానం చేయాలి, ఆ బట్టలు మర్నాడు మళ్ళీ వేసుకోకూడదు. తామర, చీము పొక్కులు, హెర్పిస్ ఈ గదుల్లో రాజుకునే జబ్బులు. రోజూ చర్మం చూడాల్సిందే. తామర కనిపించాక కనీసం 72 గంటలు మందు వాడి, డాక్టరు సంతకం చేసిన ఫారం తెస్తేనే పోటీకి రానిస్తారు. తలలో వస్తే 14 రోజులు మాత్రలు మింగాలి. మన ఇళ్ళలో ఒక ప్రత్యేకమైన పొరపాటు జరుగుతుంది: ఇండియా నుంచి తెచ్చిన, స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తారు. ఎరుపు, దురద రెండు రోజుల్లో తగ్గుతాయి, ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. పిల్లవాడు నయమైందనుకుని మిగతా ఎనిమిది మందికీ అంటిస్తాడు. ఆ క్రీములు వాడొద్దు. తొమ్మిది మందిలో ముగ్గురు ఆగిపోతే ఆ వారం ప్రాక్టీసే ఉండదు.

అమ్మాయిల జట్టు గురించి మీరు అడగలేదు గానీ, మీ స్కూలుకి ఇదే అన్నిటికంటే దగ్గర దారి. 1998లో హవాయి మొదటిసారి అమ్మాయిలకు రాష్ట్ర పోటీలు పెట్టింది. ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాల్లో ఉన్నాయి. 2023–24లో దేశమంతటా స్కూళ్ళలో ఆడిన అమ్మాయిల సంఖ్య 64 వేలు దాటింది. కాలేజీ స్థాయిలో మహిళల కుస్తీని కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 2025 జనవరిలో ఛాంపియన్‌షిప్ క్రీడగా ఆమోదించింది. అదే గది, అదే మ్యాట్, అదే బస్సు. నలుగురు అమ్మాయిలు చేరితే గదిలో తేలిక బరువు జోడీలు పెరుగుతాయి, డైరెక్టర్ లెక్కలో ఇంకో క్రీడ చేరుతుంది. ఒక్క అమ్మాయిని ఒంటరిగా పిలవకండి, ఇద్దరు స్నేహితురాళ్ళను కలిపి పిలవండి. పెద్దావిడ ఒకరు, తల్లి అయినా ఫరవాలేదు, ప్రాక్టీసులోనూ బరువు చూసేటప్పుడూ ఉండాలి.

కోచ్ ఒక్కరే అన్నారు, నన్ను ఎక్కువ భయపెట్టింది అది. ఆయనకు వేరే ఊళ్ళో ఉద్యోగం వస్తే మే నెలలో జట్టు ఉండదు. రెండో కోచ్‌కి కొంత గౌరవ వేతనం ఇప్పించమని అడగండి. వీలైతే ఆ మనిషి అదే స్కూల్లో టీచరు అయి ఉండాలి, ఎందుకంటే పిల్లలు చేరేది వరండాలో పలకరింపులతోనే. కుస్తీ తెలియకపోయినా సరే, కాగితాలు, బస్సు, మార్కుల పర్యవేక్షణ ఆయన చూస్తే పెద్ద కోచ్ ఇంకో మూడేళ్ళు ఉంటారు. తల్లిదండ్రులు స్కోరు పుస్తకం రాయడం, గడియారం నడపడం, మ్యాట్ టేపు వేయడం నేర్చుకుంటే మీ స్కూలు సొంతంగా చిన్న టోర్నమెంట్ పెట్టగలదు. ప్రవేశ రుసుము, తినుబండారాల అమ్మకంతో హెడ్‌గేర్లు, టేపు, శుభ్రం చేసే మందు ఖర్చు వెళ్ళిపోతుంది.

కింది తరగతుల పిల్లల క్లబ్బు గురించి ఆశలు అదుపులో పెట్టుకోండి. వారానికి రెండు సాయంత్రాలు, ఆరేడు వారాలు, ఆటలతో కలిపి నడిపితే పిల్లలు వస్తారు. అమెరికా జాతీయ కుస్తీ సంఘమైన యూఎస్ఏ రెజ్లింగ్‌లో క్లబ్బుగా నమోదైతే సభ్యులకు బీమా ఉంటుంది. కానీ నాలుగో తరగతి పిల్లవాడు మీ హైస్కూల్ మ్యాట్ ఎక్కేసరికి ఐదేళ్ళు. ఈలోగా మిమ్మల్ని నిలబెట్టేది ఎనిమిదో తరగతే. పక్క స్కూలుతో కలిసి ఒకే జట్టుగా ఆడే కో-ఆప్ ఏర్పాటు ఇంకో దారి. అయితే చాలాచోట్ల రెండు స్కూళ్ళ పిల్లల సంఖ్య కలిపి లెక్కవేసి పెద్ద స్కూళ్ళు ఆడే డివిజన్‌లోకి నెట్టేస్తారు. వచ్చే పిల్లలు నలుగురే అయితే ఆ బేరం గిట్టదు.

సీజన్ అయిన వారంలో డైరెక్టర్ దగ్గరికి ఒక్క కాగితంతో వెళ్ళండి. తిరిగి వచ్చే ఆరుగురి పేర్లు, వాళ్ళ బరువులు, ఒక్కొక్కరు ఈ ఏడాది ఆడిన కుస్తీల సంఖ్య, మార్కుల సగటు, ఎనిమిదో తరగతి నుంచి వస్తామన్న పిల్లల పేర్లు. నవంబరులో 15 మందితో మొదలుపెట్టి ఫిబ్రవరికి 12 మందిని నిలబెడతామని చెప్పండి, అంతకంటే పెద్ద మాట ఇవ్వొద్దు. ఆ ముగ్గురు సీనియర్లు వెళ్ళేలోగా వాళ్ళ కుస్తీ బూట్లు, హెడ్‌గేర్లు అడిగి తీసుకుని, కడిగి, సైజు రాసి ఒక పెట్టెలో పెట్టండి. "ఒకసారి వచ్చి చూడు" అని పిలిచిన కుర్రాడి తల్లిదండ్రులు మొదటి రోజే వంద డాలర్లు పెట్టాల్సిన పని లేకపోతే, వాడు రెండో రోజు కూడా వస్తాడు.